మస్టాంగా, బీఎండబ్ల్యూనా? కూపే కొంటానన్న మా బావమరిదికి చెప్పిన మాటలు

మా చిన్నప్పుడు కూపే అంటే రైల్లో ఫస్ట్‌క్లాస్ బోగీలో ఇద్దరికే సరిపోయే గది. కొత్తగా పెళ్ళయినవాళ్ళు టీసీని బతిమాలుకుని సంపాదించేవాళ్ళు. కారు కూపే లెక్కా అంతే. రెండు తలుపులు, ముందు ఇద్దరు. వెనక సీటు ఉందా అంటే ఉంది, పేరుకి.

ఈ సంగతి మొదటే ఎందుకంటే, ఎడిసన్‌లో ఉండే మా బావమరిది పోయిన వారం ఫోన్ చేశాడు. "బావా, మస్టాంగ్ జీటీ తీసుకోనా, బీఎండబ్ల్యూ ఎం240ఐ తీసుకోనా? ఒక్క ముక్కలో చెప్పు." ఇంట్లో రెండేళ్ళ పాప ఉంది, ఒక ఎస్‌యూవీ ఉంది, రోజూ ఆఫీసుకి రానుపోను అరవై మైళ్ళు. ఒక్క ముక్కలో తేలే సంగతి కాదు. నేను ఇర్వింగ్‌లో ఏడేళ్ళుగా మాన్యువల్ గేరు 2018 మస్టాంగ్ జీటీ నడుపుతున్నాను. ఆఫీసులో నా పక్క సీటు మిత్రుడి దగ్గర ఎం240ఐ ఉంది. రెండు మూడుసార్లు వారాంతాల్లో తాళాలు మార్చుకున్నాం. ఆ అనుభవం, ఇన్నాళ్ళ కార్ల పిచ్చి కలిపి వాడికి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను.

అమెరికన్ కూపే అంటే మొరటుది, విదేశీ కూపే అంటే నాజూకుది అని ఒక మాట పాతుకుపోయింది. ఇందులో సగం నిజం, సగం పాత కాలపు వాసన. అసలు తేడా డబ్బు ఎక్కడ పెట్టారన్న దాంట్లో ఉంది. మస్టాంగ్ చేసే ఫోర్డ్ వాళ్ళు అదే ధరలో ఇంజిన్ మీద, చూపు మీద పెడతారు. జర్మన్లు సీటు మీద, నిశ్శబ్దం మీద, గతుకు మీదినుంచి వెళ్ళినప్పుడు బండి ప్రవర్తించే తీరు మీద పెడతారు. మొదటిది షోరూమ్‌లోనే కనిపిస్తుంది. రెండోది మూడో నెలలో తెలుస్తుంది.

ఆ మొరటు పేరు ఎలా వచ్చిందంటే

1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌లో మస్టాంగ్‌ని బయటపెట్టినప్పుడు ధర 2,368 డాలర్లు. చవకైన ఫాల్కన్ అనే ఫ్యామిలీ కారు అస్థిపంజరం తీసుకుని, పొడుగు ముక్కు, పొట్టి తోక తగిలించారు. మొదటి ఏడాదిలోనే నాలుగు లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. రోడ్లు తిన్నగా ఉన్న దేశం, పెట్రోలు నీళ్ళలా దొరికే రోజులు. మలుపులో ఎలా ఉంటుందని అడిగినవాడు తక్కువ. సిగ్నల్ పచ్చబడగానే ఎలా దూకుతుందని అడిగినవాడే ఎక్కువ.

వెనక చక్రాల సంగతి చూడండి. ఎడ్లబండికి రెండు చక్రాలనీ కలుపుతూ ఒకటే ఇరుసు ఉంటుంది కదా. ఎడమ చక్రం రాయెక్కితే బండి మొత్తం కుడికి ఒరుగుతుంది. మామూలు మస్టాంగ్‌ల వెనక భాగం 2014 మోడల్ దాకా ఇదే పద్ధతి. మధ్యలో 1999 నుంచి 2004 వరకు కోబ్రా అనే ప్రత్యేక రకానికి తప్ప మిగతావాటికి ఒకటే గట్టి ఇరుసు. బీఎండబ్ల్యూ మాత్రం 1962 నాటి 1500 మోడల్ నుంచే వెనక చక్రాలకి దేని ఊపు దానికి ఇచ్చింది. అర్ధ శతాబ్దం వెనకబాటు అంటే చిన్నది కాదు. అమెరికన్ కారు తిన్నగా పోవడానికే పనికొస్తుందన్న వెటకారం అక్కడ పుట్టిందే.

అలాగని ఇరుసుబండి ఎప్పుడూ ఓడిపోలేదు. 2011లో మస్టాంగ్ జీటీకి కొయోటీ అనే కొత్త 5 లీటర్ల వీ8, అంటే రెండు పక్కలా నాలుగేసి సిలిండర్లున్న ఇంజిన్ పెట్టారు, 412 హార్స్‌పవర్. అప్పటి బీఎండబ్ల్యూ ఎం3లో 4 లీటర్ల వీ8, 414 హార్స్‌పవర్. ధరలో మాత్రం పోలిక లేదు. మరుసటి ఏడు వచ్చిన బాస్ 302కి 444 హార్స్‌పవర్ ఇచ్చి, ఎం3నే గురిగా పెట్టుకున్నామని ఫోర్డ్ బాహాటంగా చెప్పుకుంది. అదీ ఆ పాత ఇరుసుతోనే.

2015లో కథ మారింది. మస్టాంగ్ అన్ని రకాలకీ వెనక చక్రాలు విడివిడిగా ఊగే సస్పెన్షన్ వచ్చింది. ఫ్యాక్టరీలోనే కుడివైపు స్టీరింగ్‌తో కూడా చేసి ప్రపంచమంతా పంపారు. జనరల్ మోటార్స్ ఇంకో అడుగు ముందుకేసింది. మస్టాంగ్‌కి పోటీ అయిన 2016 కమారోని కాడిలాక్ ఏటీఎస్ అనే కారు కోసం తయారుచేసిన ఆల్ఫా ప్లాట్‌ఫామ్ మీద కట్టింది. ఆ ఏటీఎస్ పుట్టిందే బీఎండబ్ల్యూ 3 సిరీస్‌ని దెబ్బకొట్టడానికి. అంటే కమారో ఎస్ఎస్ 455 హార్స్‌పవర్‌తో, జర్మన్ చదువు చదువుకున్న ఎముకలతో వచ్చిందన్నమాట. నా లెక్కలో మలుపుల్లో మస్టాంగ్ కంటే అదే మెరుగు. కానీ కూర్చుంటే బంకర్లో కూర్చున్నట్టుంటుంది. కిటికీలు కాదవి, తపాలా పెట్టె సందులు. జనం మస్టాంగ్ వైపే మొగ్గారు, కమారో 2023 డిసెంబర్‌లో ఆగిపోయింది. అదే నెలలో డాడ్జ్ ఛాలెంజర్ కూడా.

అందుకే ఇప్పుడు కొత్త అమెరికన్ కూపే అంటే ఆచరణలో మస్టాంగే. కొత్త డాడ్జ్ ఛార్జర్ రెండు తలుపులతో వచ్చింది గానీ, దాని కరెంటు రకం 2,600 కిలోల పైమాటే. అది కూపే కాదు, కదిలే కల్యాణ మండపం. 3 లీటర్ల ఆరు సిలిండర్ల సిక్స్‌ప్యాక్ కొంత నయం. షెవ్రొలే వాళ్ళ స్పోర్ట్స్ కారు కార్వెట్ సంగతి వేరు. 2020 నుంచి ఇంజిన్‌ని సీట్ల వెనక పెట్టి, 490 హార్స్‌పవర్‌తో పోర్షేల పక్కన కూర్చుంది. డబ్బూ, ఇంట్లో రెండో కారూ ఉంటే ఇంకేం ఆలోచించకండి. మా వాడికి రెండోది ఉంది, మొదటిది లేదు.

నాజూకు అంటే ఏమిటి, చేత్తో పట్టుకుని చూద్దాం

డాలస్‌లో 635 హైవే తెలిసినవాళ్ళకి అక్కడి కాంక్రీటు పలకల అతుకులూ తెలుసు. ప్రతి పలక చివరా ఒక గీత. నా మస్టాంగ్‌లో డెబ్భై మైళ్ళ వేగంలో ఆ గీతలు టక్ టక్ టక్ అని వెన్నుకి లెక్క చెబుతాయి. ఇంట్లోంచి తెచ్చుకున్న టీ, మూత తెరిచి కప్ హోల్డర్‌లో పెడితే అంచు దాకా వచ్చి వెళుతుంది. అదే రోడ్డు, అదే వేగం, మిత్రుడి ఎం240ఐలో టక్ టక్ కాస్తా డబ్ డబ్ అవుతుంది, పక్క గదిలో ఎవరో తలుపు వేసినట్టు. టీ మీద సన్నగా ఒక వలయం, అంతే. అక్కడ కూడా సస్పెన్షన్ మెత్తగా ఏం లేదు, గట్టిదే. తేడా ఎక్కడంటే, దెబ్బ తగిలాక బండి ఒక్కసారి కదిలి ఆగిపోతుంది. మస్టాంగ్ కదిలి, ఇంకోసారి తలాడించి ఆగుతుంది. ఆ రెండో తలాడింపుని పోగొట్టడానికే బీఎండబ్ల్యూ డబ్బు ఖర్చుపెట్టింది. ఫోర్డ్ వాళ్ళు కూడా మాగ్నరైడ్ అనే డ్యాంపర్లు అమ్ముతారు. లోపలి నూనె అయస్కాంతంతో క్షణంలో చిక్కబడి పలచబడే రకం. అవి ఉన్న మస్టాంగ్‌కీ లేని మస్టాంగ్‌కీ పోలికే లేదు. జీటీ కొంటే అవి పెట్టించుకోండి, మిగతావన్నీ తర్వాత.

ఇంజిన్ దగ్గరికొస్తే, బీఎండబ్ల్యూ 3 లీటర్ల ఇంజిన్లో ఆరు సిలిండర్లు ఒకే వరుసలో ఉంటాయి. ఒక పిస్టన్ తోసే తోపుడిని ఇంకోటి సరిగ్గా రద్దు చేస్తుంది. అందుకే సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు స్టీరింగ్ మీద వేలు పెట్టినా ఇంజిన్ నడుస్తోందా ఆగిందా అని అనుమానం. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కి ఈ సుఖం పుట్టుకతో రాదు. 382 హార్స్‌పవర్ కంటే ముఖ్యమైన అంకె ఒకటుంది. 1,800 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) నుంచే పూర్తి టార్క్, అంటే తిప్పే బలం, 369 పౌండ్-ఫుట్. అంటే ఊళ్ళో పాదం అలా ఆనిస్తే చాలు, బండి కదిలిపోతుంది.

ఇప్పటి మస్టాంగ్ జీటీది ఇంకో రకం. 480 హార్స్‌పవర్ 7,150 ఆర్‌పీఎం దగ్గర, 415 పౌండ్-ఫుట్ టార్క్ 4,900 దగ్గర. కాగితం మీద ఎక్కువే. కానీ ఆ బలం కావాలంటే ఇంజిన్‌ని పరిగెత్తించాలి. ట్రాఫిక్‌లో రెండు వేల ఆర్‌పీఎం దగ్గర పోతున్నంతసేపు ఎం240ఐదే చురుకు. నమ్మకపోతే నడిపి చూడండి. ఖాళీ ర్యాంపు దొరికి, రెండో గేరులో ఏడు వేలు దాటాక మాత్రం ఆ వీ8 చేసే పని ఏ టర్బో ఇంజిన్‌కీ చేతకాదు.

శబ్దం కూడా. ఈ వీ8లో ఒక్కో పక్క నాలుగు సిలిండర్లు సమాన వ్యవధిలో పేలవు. రెండు వెంటవెంట, తర్వాత కాస్త ఎడం. తీన్మార్ దరువులో ఎడం ఎలా ఉంటుందో అలా. ఆ తేడా వల్లే గుడగుడ. బీఎండబ్ల్యూలో క్యాబిన్‌లోకి వచ్చే మోతలో కొంత భాగం స్పీకర్లది. తెలిసిన తర్వాత నాకు అది పచ్చళ్ళ సీసాలో ఎసెన్సు కలిపినట్టనిపించింది. ఇది నా చాదస్తం అనుకోండి. అయితే పొద్దున్నే ఆరింటికి అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఈ దరువు మొదలుపెడితే పక్కింటివాళ్ళ చాదస్తం కూడా చూడాల్సి వస్తుంది. అందుకే యాక్టివ్ ఎగ్జాస్ట్ ఉన్న మస్టాంగ్‌లకి ఫలానా వేళల్లో నెమ్మదిగా స్టార్ట్ అయ్యే సదుపాయం పెట్టారు. పేరు గుడ్ నైబర్ మోడ్. పెట్టుకోండి.

ఒక అంకె చూసి నేనే ఆశ్చర్యపోయాను. మస్టాంగ్ అంటే బరువు, బీఎండబ్ల్యూ అంటే తేలిక అనుకుంటాం. నాలుగు చక్రాలకీ బలం వెళ్ళే ఆల్ వీల్ డ్రైవ్ ఎం240ఐ దాదాపు 1,755 కిలోలు. మస్టాంగ్ జీటీ కూడా ఇంచుమించు అంతే. పొడుగు మాత్రం మస్టాంగ్ 4.81 మీటర్లు, బీఎండబ్ల్యూ 4.54. పార్కింగ్ సందులో ఆ జానెడు తేడా తెలుస్తుంది. డిక్కీలు రెండూ దాదాపు సమానం, రెండు పెద్ద సూట్‌కేసులు సర్దొచ్చు.

తెరల దగ్గర ఇద్దరూ ఒకే తప్పు చేశారు. 2024 మస్టాంగ్‌లో డ్రైవర్ ముందు 12.4 అంగుళాలు, మధ్యలో 13.2 అంగుళాలు. ఏసీ తగ్గించాలంటే కూడా తెర మీదే. బీఎండబ్ల్యూలోనూ ఏసీ బటన్లు ఎగిరిపోయాయి. మస్టాంగ్‌లో ఒక ముచ్చట ఉంది, 1980ల నాటి ఫాక్స్ బాడీ మస్టాంగ్ మీటర్లలా తెరని మార్చుకోవచ్చు. రాత్రిపూట ఆకుపచ్చ వెలుగులో బాగుంటుంది. తలుపు ప్లాస్టిక్‌ని వేలితో కొట్టి చూస్తే మాత్రం డబ్బు ఎక్కడ మిగిల్చారో అర్థమవుతుంది.

వెనక సీటు, మా అమ్మ

పోయినేడు మా అమ్మ గుంటూరు నుంచి వచ్చినప్పుడు ఎస్‌యూవీ సర్వీసింగ్‌లో ఉంది. గుడికి వెళ్దామంటే కూపేనే దిక్కు. ముందు సీటు మడిచి, పట్టుచీర కుచ్చిళ్ళు ఒక చేత్తో, పూలబుట్ట ఒక చేత్తో పట్టుకుని వెనక్కి దూరడానికి ఆవిడ పడ్డ అవస్థ చూసి మా ఆవిడ దిగి, తనే వెనక్కి వెళ్ళింది. అమ్మ ముందు కూర్చుని అడిగింది, "ఇంత డబ్బు పోసి రెండు తలుపులు తక్కువున్నది కొన్నావేంట్రా?"

ఈ ప్రశ్నకి ఏ దేశపు కూపే దగ్గరా జవాబు లేదు. మస్టాంగ్‌లోనూ, ఎం240ఐ ఉన్న బీఎండబ్ల్యూ 2 సిరీస్‌లోనూ పిల్లల కార్ సీటు బిగించొచ్చు. బిగించాక దాని ముందున్న సీటులో కూర్చునేవాళ్ళ మోకాళ్ళు డ్యాష్‌బోర్డుకి దణ్ణం పెడతాయి. నిస్సాన్ జెడ్, టయోటా సుప్రాలకైతే వెనక సీటే లేదు, గొడవే లేదు.

మిగతా విదేశీయులు

మా వాడు బీఎండబ్ల్యూ ఒక్కటే అన్నాడు గానీ, అదే డబ్బుకి, అంతకంటే తక్కువకి కూడా వేరే దారులున్నాయి. వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది టయోటా జీఆర్86. దాని కవల సుబారు బీఆర్‌జడ్. రెండూ జపాన్‌లో గున్మాలోని సుబారు ఫ్యాక్టరీలోనే తయారవుతాయి. 2.4 లీటర్ల బాక్సర్ ఇంజిన్ (సిలిండర్లు రెండు పక్కలకీ పడుకుని ఉండే రకం), 228 హార్స్‌పవర్, బరువు సుమారు 1,280 కిలోలు. అంటే మస్టాంగ్ జీటీకంటే నాలుగున్నర క్వింటాళ్ళకు పైగా తక్కువ. బలం సగం కూడా లేదని నవ్వకండి. నలభై మైళ్ళ వేగంలోనే మలుపు సరదా తెలుస్తుంది. మస్టాంగ్‌లో అదే సరదా తెలియాలంటే టికెట్ పడే వేగానికి వెళ్ళాలి. ఏసీకి మూడు గుండ్రటి నాబ్‌లున్నాయి, తిప్పితే తిరుగుతాయి. హైవే మీద టైర్ల మోత ఎక్కువ, నాజూకు అనే మాట దీనికి అతకదు. విదేశీ కాబట్టి నాజూకు అనుకుంటే జీఆర్86 నడిపి ఆ భ్రమ వదిలించుకోవచ్చు. ధర 30 వేల డాలర్ల పైన మొదలు.

సుప్రా విషయం సరదాగా ఉంటుంది. పేరు టయోటా, ఇంజిన్ బీఎండబ్ల్యూ ఆరు సిలిండర్లదే, తయారీ ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో బీఎండబ్ల్యూ జెడ్4 పక్కన. 2023 నుంచి మాన్యువల్ గేరు కూడా ఇచ్చారు. 2026 మోడల్‌తో ఈ తరం ముగింపు. నిస్సాన్ జెడ్‌కి 400 హార్స్‌పవర్ ట్విన్ టర్బో వీ6. అస్థిపంజరం పాత 370జెడ్‌దే. గుణంలో చూస్తే జపాన్‌లో పుట్టిన మస్టాంగ్ అనొచ్చు దాన్ని. మెర్సిడెస్ సీఎల్ఈ, సీ, ఈ క్లాస్ కూపేలు రెండిటినీ కలిపి 2024లో వచ్చింది. అది వేగం కోసం కాదు, పెళ్ళికి వెళ్ళడానికి. లెక్సస్ ఆర్‌సీ ఆగిపోయింది, మంచిది వాడినది దొరికితే వదలకండి.

ఎం240ఐ కంటే పై మెట్టు బీఎండబ్ల్యూ ఎం2 గురించి ఒక్క వాక్యం: 2025 నుంచి 473 హార్స్‌పవర్, మాన్యువల్ గేరు ఉంది, అద్భుతం, ధర అరవై వేలు దాటి బాగా పైకి. ఆ డబ్బుకి కార్వెట్ గుర్తొస్తుంది.

నాలుగు సిలిండర్ల మస్టాంగ్ ఎకోబూస్ట్ గురించి చాలామంది అడుగుతారు. 2.3 లీటర్లు, 315 హార్స్‌పవర్, 32 వేల దగ్గర మొదలు, కొత్త తరంలో ఆటోమేటిక్ మాత్రమే. వేగానికి లోటు లేదు. కానీ మస్టాంగ్‌లో డబ్బు ఇంజిన్ మీద పెట్టారని చెప్పాను కదా, ఆ ఇంజిన్నే తీసేస్తే ఏం మిగిలింది? చూపు మిగిలింది. చూపే కావాలంటే తీసుకోండి, తప్పు లేదు. మనవాళ్ళలో చాలామందికి మొదటి మస్టాంగ్ కాలిఫోర్నియా హైవే 1 మీద అద్దెకి తీసుకున్న కన్వర్టిబుల్. సాధారణంగా అది ఈ ఇంజిన్‌దే. దాన్ని బట్టి జీటీ మీద తీర్పు చెప్పకండి. పైకప్పు కోసిన బండి బిగువు తగ్గుతుంది కూడా.

డబ్బు సంగతులు

మస్టాంగ్ జీటీ 46 వేల డాలర్ల పైచిలుకు, ఎం240ఐ 50 వేలు దాటి. తేడా నాలుగైదు వేలే అనుకుంటాం. జీటీకి పెర్ఫార్మెన్స్ ప్యాక్, అంటే బ్రెంబో బ్రేకులు, వెనక చక్రాల పట్టు జారకుండా చూసే టోర్సెన్ డిఫరెన్షియల్, ఇంకా మాగ్నరైడ్, మంచి సీట్లు వేసుకుంటూ పోతే ఆ తేడా ఆవిరైపోతుంది. ఏమీ వేయని జీటీతో అన్నీ ఉన్న బీఎండబ్ల్యూని పోల్చి, చూశావా ఎంత మొరటో అనడం న్యాయం కాదు. అలాగే స్టిక్కర్ ధర చూసి సంబరపడొద్దు. నేను మొదట చూసిన ఒక డీలర్ దగ్గర అద్దానికి రెండో కాగితం అతికించి ఉంది. మార్కెట్ అడ్జస్ట్‌మెంట్, 5,000 డాలర్లు. దేనికండీ అంటే డిమాండ్ సార్ అన్నాడు. నేను బయటికొచ్చేసి, వాడినది కొనుక్కున్నాను.

పెట్రోలు ఖర్చు చూసి భయపడేవాళ్ళ కోసం లెక్క వేశాను. ఏడాదికి 12,000 మైళ్ళు. అమెరికా ప్రభుత్వ సంస్థ ఈపీఏ లెక్కలో జీటీ ఆటోమేటిక్ సగటు గ్యాలన్‌కి 18 మైళ్ళు, ఎం240ఐది 26 దగ్గర. అంటే 667 గ్యాలన్లు, 462 గ్యాలన్లు. కానీ కొయోటీ ఇంజిన్ 87 ఆక్టేన్ రెగ్యులర్ పెట్రోలు తాగి బతుకుతుంది, బీఎండబ్ల్యూకి ప్రీమియం కావాలి. రెగ్యులర్ 3.20, ప్రీమియం 4 డాలర్లు అనుకుంటే ఏడాదికి తేడా మూడొందల లోపే. నెలకి ఇద్దరు బిర్యానీ తిన్నంత. దీని కోసం కారు మార్చుకోనక్కర్లేదు. పైన చెప్పిన జీఆర్86కి కూడా ప్రీమియమే పోయాలి, అది మాత్రం చాలామంది చివర్లో తెలుసుకుంటారు.

నిజంగా తేడా పడేది వారంటీ అయ్యాక. బీఎండబ్ల్యూ కొత్త కారుకి 4 ఏళ్ళు లేదా 50,000 మైళ్ళు, మొదటి 3 ఏళ్ళు లేదా 36,000 మైళ్ళ మామూలు సర్వీసింగ్ వాళ్ళదే. ఫోర్డ్‌ది మొత్తం బండికి 3 ఏళ్ళు లేదా 36,000, ఇంజిన్, గేర్‌బాక్స్‌లకి 5 ఏళ్ళు లేదా 60,000. టయోటాదీ అంతే. మొదటి నాలుగేళ్ళలో అమ్మేసేవాడికి బీఎండబ్ల్యూ హాయి. పదేళ్ళు ఉంచుకుంటాను, వీధి చివరి మెకానిక్ దగ్గరే చేయించుకుంటాను అనేవాడికి మస్టాంగ్. విడిభాగాలు ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి. మధ్యలో ఇంకో దారి, రెండు మూడేళ్ళు వాడిన ఎం240ఐని కంపెనీ సర్టిఫై చేసినది చూసుకోవడం. ధర పడిపోయే మొదటి దెబ్బ ఎవరో తినేసి ఉంటారు.

ఇన్సూరెన్సు మాత్రం సంతకం పెట్టకముందే అడగండి. ఊహించుకోకండి. కారు గుర్తింపు సంఖ్య, అదే వీఐఎన్ నంబర్ తీసుకుని రెండు కంపెనీలకి ఫోన్ చేస్తే పది నిమిషాల పని. జీటీ అనే రెండక్షరాలకి ఎంత వేస్తారో మీ వయసూ, మీ జిప్‌కోడ్ చెబుతాయి. పాతికేళ్ళ లోపు కుర్రాళ్ళకి కొటేషన్ చూశాక సగం మోజు అక్కడే తీరిపోతుంది.

న్యూజెర్సీ అన్నాక మంచు

నేను టెక్సాస్‌లో కూర్చుని వీ8 గొప్పలు చెప్పుకుంటున్నాను, వాడుండేది ఎడిసన్‌లో. జనవరి తర్వాత అక్కడి రోడ్ల మీద గుంతలు మనవైపు వానాకాలం తర్వాతి గుంతలకి తీసిపోవు. మస్టాంగ్‌కి వెనక చక్రాల నడకే, ఆల్ వీల్ డ్రైవ్ లేదు. పెర్ఫార్మెన్స్ ప్యాక్‌తో వచ్చే సమ్మర్ టైర్లు నలభై ఫారెన్‌హీట్ కిందికి దిగితే రబ్బరు గట్టిపడి జారతాయి. మంచు పడకపోయినా సరే. అంటే ఇంకో జత వింటర్ టైర్లు, వాటికో చోటు, ఏడాదికి రెండుసార్లు మార్పించే ఖర్చు. ఎక్స్‌డ్రైవ్ అనే ఆల్ వీల్ డ్రైవ్ ఉన్న ఎం240ఐకి ఆల్ సీజన్ టైర్లుంటే న్యూజెర్సీ చలికాలం గడిచిపోతుంది. ఆ ఎక్స్‌డ్రైవే సున్నా నుంచి అరవైకి 4.1 సెకన్లని కంపెనీ లెక్క. వానలోనూ పెద్దగా తేడా పడదు, మస్టాంగ్ అయితే వానలో నీ పాదం ఎంత నేర్చుకుందో అంత.

హైదరాబాద్ నుంచి చదివేవాళ్ళకి ఒక మాట. 2016లో మస్టాంగ్ జీటీ మన దేశానికి 65 లక్షల దగ్గర వచ్చింది. 2021లో ఫోర్డ్ ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించాక ఆ ముచ్చట తీరింది. ఎం2 2023లో 98 లక్షల ఎక్స్‌షోరూమ్ ధరకి వచ్చింది. షోరూమ్‌లో 2 సిరీస్ గ్రాన్ కూపే చూపించి ఇదీ అదే కుటుంబం అంటే నమ్మకండి. ఇంటిపేరు ఒకటే గానీ, అది నాలుగు తలుపులది, ముందు చక్రాల మీద నడిచేది. పైన చెప్పిన ఎం240ఐతో దానికి బంధుత్వం లేదు.

ఇక మా వాడికి ఏం చెప్పానంటే: రోజూ అరవై మైళ్ళు, మంచు, గుంతలు, రోజూ ఆఫీసుకి ఇదే నీ కారు అయినప్పుడు, ఎక్స్‌డ్రైవ్ ఎం240ఐ. వాడినది, సర్టిఫై చేసినది. నువ్వు నాలాగా టెక్సాస్‌లో ఉండి, ఆఫీసు పది మైళ్ళయితే మాన్యువల్ జీటీ అనేవాణ్ణి. ఈ రెండూ కాకుండా, అసలు నడపడం నేర్చుకోవాలనుంటే జీఆర్86 కొని మిగిలిన డబ్బుతో ఏడాదికి నాలుగుసార్లు ట్రాక్‌కి వెళ్ళమనేవాణ్ణి. బాగా ముద్దొస్తుంది కాబట్టి మస్టాంగే కావాలంటే అదీ కారణమే, దానికి సాకులు వెతకొద్దు.

అటువైపు కాసేపు మాటల్లేవు. "మరి నువ్వెందుకు మస్టాంగ్ అమ్మలేదు బావా?"

"పొద్దున స్టార్ట్ చేసినప్పుడు ఇంకా నవ్వొస్తోందిరా."

"నాకూ అదే కావాలి కదా."

సరే, రెండూ నడిపి చూడమన్నాను. డీలర్ చూపించే నున్నటి రోడ్డు మీద కాదు, నువ్వు రోజూ వెళ్ళే రూట్ 1 మీద, మంగళవారం పొద్దున ఎనిమిదింటికి, రేడియో ఆపేసి. మొదట బీఎండబ్ల్యూ, తర్వాత మస్టాంగ్. తలకిందులుగా చేస్తే వీ8 మోత చెవుల్లో ఉండగా బీఎండబ్ల్యూ చప్పగా ఉంటుంది. మంగళవారానికి రెండు చోట్లా అపాయింట్‌మెంట్ తీసుకున్నాడట. పాప కార్ సీటు వెంట తీసుకెళ్ళి, వెనక బిగించి చూడమన్నాను. బిగించాక ముందు సీటులో చెల్లెమ్మని కూర్చోబెట్టమన్నాను.